అచ్చు పని అని చులకన చెయ్యకండి

పాత సిరామిక్ ఏదైనా చూపిస్తే చాలామంది ముందు అడిగేది చేత్తో చేసిందా అచ్చులో చేసిందా అని, అచ్చు అనగానే సగం విలువ అక్కడే తగ్గించేస్తారు. మధ్యయుగపు ఇరాన్‌లో గోడలకి అతికించిన సిరామిక్ పలకల (టైల్స్) విషయంలో ఈ లెక్క పూర్తిగా తప్పు.

అసలు ఆ పలకలు చేసే ముద్ద సంగతి చూడండి. ఇరాన్‌లోని కాశాన్ ఊళ్లో తరతరాలుగా పింగాణీ పని చేసిన కుటుంబంవాడు అబుల్ ఖాసిం, 1301లో ఆ పాళ్లు రాసిపెట్టాడు: పలుగురాయి పొడి 10 పాళ్లు, గాజు పొడి 1 పాలు, తెల్ల బంకమట్టి 1 పాలు. అంటే పన్నెండింట్లో మట్టి ఒక్క వంతే, జిగురు తక్కువ కాబట్టి సారె మీద మామూలు మట్టిలా సాగదు, అదే అచ్చులో పెట్టి నొక్కితే చక్కగా కూర్చుంటుంది. ఇందులో బద్ధకం ఎక్కడుంది?

1270ల్లో ఇరాన్‌ని ఏలిన మంగోలు రాజు హులగు కొడుకు అబాఖా ఖాన్, వాయవ్య ఇరాన్‌లోని తఖ్త్-ఎ-సులేమాన్‌లో వేసవి భవనం కట్టించాడు. మంగోలు పాలకుడి గోడల మీద ఫిరదౌసి రాసిన పారశీక రాజుల కావ్యం షానామా కథలు! అలాంటి పలక ఒకటి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, ఒంటె మీద ఆ కథల్లోని రాజు బహ్రామ్ గూర్, వెనకాల హార్ప్ లాంటి తీగల వాద్యం చాంగ్ పట్టుకుని అతని వాద్యకారిణి ఆజాదా, ఎదురుగా జింకలు. బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి పక్కనుంచి వెలుతురు పడితే ఒంటె కాళ్లకి నీడ వస్తుంది, రంగు ఒక్కదానితో ఆ నీడ రాదు.

ఇంకో మాట, అచ్చు చెక్కినవాడు అంతా తిరగేసి ఆలోచించాలి, పలక మీద పైకి రావాల్సింది అచ్చులో గుంట, కుడి ఎడమ అవుతుంది. ఆ చేతి పనిని మనం లెక్కలోకే తీసుకోం, సంతకం ఉండదు, పేరు ఉండదు, మెచ్చుకోళ్లన్నీ పైన రంగు వేసినవాడికే పోతాయి, నాకు ఇదే బాధ.

అచ్చు గుద్దినట్టు అని మనం వాడే మాట కూడా ఇక్కడ సగమే నిజం. తఖ్త్-ఎ-సులేమాన్ పలకల్లో డ్రాగన్లు, పారశీక కథల్లోని సీమూర్గ్ పక్షులు ఉన్నవి చూస్తే, అదే తరహా ఉబ్బెత్తు బొమ్మకి ఒకచోట లస్టర్ అనే లోహపు పూత వేసి బంగారు మెరుపు తెచ్చారు, ఇంకోచోట ముదురు నీలం మీద బంగారు రేకు అతికించి లాజ్వర్దీనా అనే రకం చేశారు. పక్కపక్కన పెడితే రెండూ ఒకే రకం బొమ్మలని పోల్చుకోడానికి కాసేపు పడుతుంది.