సముద్రయానం: నేల మీది కాండ

క్రూయిజ్ యాత్రల గురించి రాసేవాళ్లంతా ఒక పెద్ద అన్యాయం చేస్తున్నారు. ఓడలో ఈత కొలనులెన్ని, రాత్రి భోజనంలో రకాలెన్ని, బాల్కనీ గది కుడివైపు తీసుకోవాలా ఎడమవైపా అని పేజీలకు పేజీలు నింపుతారు. విమానం దిగిన చోటు నుంచి ఓడ మెట్ల దాకా ఉన్న దారిని మాత్రం ‘అక్కడి నుంచి టెర్మినల్‌కు చేరుకోవాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అసలు సాహసమంతా ఆ ముక్కలోనే ఉంది. ఓడ ఎక్కాక మనం చేసేది తినడం, పడుకోవడం. దానికి డబ్బు తీసుకుని ఈ సాహసాన్ని ఉచితంగా ఇస్తున్న క్రూయిజ్ కంపెనీల ఔదార్యాన్ని గుర్తించిన నాథుడే లేడు.

ముందుగా భూగోళం సంగతి. బడిలో చదువుకున్న భూగోళం వేరు, క్రూయిజ్ బ్రోషర్లలోది వేరు. బ్రోషర్ ప్రకారం రోమ్ సముద్రపు ఒడ్డున ఉంటుంది. పారిస్‌కీ బెర్లిన్‌కీ కూడా ఓడలు వస్తాయి. టికెట్ కొన్నాక చిన్న అక్షరాలు చదివితే అసలు సంగతి తెలుస్తుంది. వాళ్ల రోమ్ ఉన్నది చివిటావెక్కియాలో, అసలు రోమ్‌కు 70 కిలోమీటర్ల అవతల. వాళ్ల లండన్ పేరు సౌతాంప్టన్, దూరం సుమారు 130. పారిస్ లె హావ్ర్‌లోనూ బెర్లిన్ వార్నెమ్యుండేలోనూ ఉన్నాయి. ఆ రెండింటికీ 200 కిలోమీటర్లంటే తక్కువ చెప్పినట్టే.

వెనిస్ వ్యవహారం ఇంకా సొగసు. పెద్ద ఓడలు నగరం నడిబొడ్డున ఉన్న కాలువలోంచి పోకూడదని 2021 ఆగస్టు నుంచి ఇటలీ ప్రభుత్వం నిషేధించింది. ఆ తర్వాత కొన్ని వెనిస్ యాత్రలు రవెన్నా రేవు నుంచి బయల్దేరుతున్నాయి. అంటే వెనిస్‌లో విమానం దిగి, వెనిస్ క్రూయిజ్ ఎక్కడం కోసం వెనిస్ వదిలిపెట్టి, రెండు గంటలకు పైగా బస్సులో కూర్చోవాలి. ఇంత తాత్విక లోతున్న ప్రయాణం తీర్థయాత్రల్లో కూడా దొరకదు.

అమెరికావాళ్లు కాస్త సూటిమనుషులు. ఓర్లాండోలో దిగండి, 70 కిలోమీటర్లు పోతే పోర్ట్ కెనావెరల్ వస్తుంది అని ముందే చెప్పేస్తారు. గాల్వెస్టన్ ఓడకు హ్యూస్టన్‌లో రెండు విమానాశ్రయాలుంటాయి. ఒకటి 65 కిలోమీటర్ల దూరం, ఇంకొకటి 110. చవక టికెట్ ఏ విమానాశ్రయానికి దొరుకుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఫోర్ట్ లాడర్‌డేల్ ఒక్కటే ఈ సంప్రదాయానికి మచ్చ. అక్కడ రేవూ విమానాశ్రయమూ పక్కపక్కనే, విమానం కిటికీలోంచే ఓడలు కనిపిస్తాయి. సాహసానికి చోటే లేదు. అందుకే నిజమైన వీరులు ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఓడ పెట్టుకుని మయామీకి విమానం టికెట్ కొంటారు.

ఇక కాలగణితం. ఓడ నాలుగింటికి, విమానం పన్నెండింటికి. ‘మధ్యలో నాలుగు గంటలున్నాయి, తాపీగా పోవచ్చు’ అని ప్రకటించే మనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు. సాధారణంగా టికెట్లు కొన్నది కూడా అతనే. ఓడ నాలుగింటికి అంటే తాళ్లు విప్పేది నాలుగింటికని అర్థం. చెక్-ఇన్ అంతకు గంటో గంటన్నరో ముందే మూసేస్తారు. అమెరికా రేవుల్లోనైతే ఎక్కినవాళ్ల జాబితా ఓడ కదలడానికి 60 నిమిషాల ముందే ప్రభుత్వాధికారులకు చేరాలి. ఆ తర్వాత మీరు గేటు దగ్గర సాష్టాంగపడ్డా జాబితాలో చోటు దొరకదు. అటు పన్నెండింటికి విమానం దిగడమంటే చక్రాలు నేలకు తగలడమే. తలుపు తెరవడం, ఇమిగ్రేషన్ వరస కదలడం, బెల్టు మీద పెట్టె ప్రత్యక్షమవడం అన్నీ వేర్వేరు ఘట్టాలు.

ఆ బెల్టు దగ్గర కాసేపు నిలబడి చూడాలి.

“ఏవండీ, ఓడవాళ్ల ట్యాగులు పెట్టెలకు తగిలించారా?”

“ప్రింట్ తీశాగా.”

“తీయడం కాదు. తగిలించారా?”

“స్టేప్లర్ కావాలి కదా.”

“ఏదీ?”

“పెట్టెలో ఉంది.”

పెట్టె ఇంకా రాలేదు. బెల్టు మీద ఓ ఎర్ర బ్యాగు మాత్రం ఒంటరిగా ప్రదక్షిణలు చేస్తోంది.

బయట క్రూయిజ్ కంపెనీ బస్సు సిద్ధంగా ఉంటుంది. అట్టముక్క పట్టుకుని ఓ యువకుడు నవ్వుతూ నిలబడతాడు. అతని చేతిలోని కాగితంలో పేర్లన్నిటికీ టిక్కు పడితేగానీ బస్సు కదలదు. టిక్కు పడని జంట ఒకటి ఎప్పుడూ మిగులుతుంది. వాళ్లు కాఫీ తాగుతున్నారని అందరికీ తెలుసు, ఎక్కడ తాగుతున్నారన్నది తెలియదు. ఈ నిరీక్షణ మన వల్ల కాదని టాక్సీ ఎక్కినవాళ్లకు ఇంకో విశేషం ఎదురవుతుంది. ఓడ తెల్లవారుజామునే రేవుకొచ్చి పాత జనాన్ని దించి, అదే రోజు కొత్త జనాన్ని ఎక్కించుకుంటుంది. 2024లో తొలియాత్ర చేసిన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ పూర్తిగా నిండితే ప్రయాణికులే 7,600 మంది. దిగినవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే వంతెన మీద, ఒకే టాక్సీల కోసం కలుసుకుంటారు. ఎండకు కమిలి, లావెక్కి, విమానం తప్పుతుందేమోనన్న బెంగతో వచ్చే ఆ ఎదురు టాక్సీల్లోని ముఖాలు చూస్తే, వారం తర్వాతి మనమే కనిపిస్తాం.

ఒక్క అరగంట ఆగితే ఓడ సొమ్మేం పోయిందని కొందరు కోప్పడతారు. పోతుంది. రేవులో చోటుకు వేళ ఉంది, ఓడను బయటికి నడిపించే పైలట్‌కు వేళ ఉంది, కొన్ని రేవుల్లో ఆటుపోట్లకు కూడా ఉంది. సముద్రుడితో మాట్లాడి వాయిదా వేయించగల ప్రయాణికుడు ఇంకా పుట్టలేదు. అందుకే కంపెనీలన్నీ ‘ముందు రోజే చేరుకోండి’ అని మొత్తుకుంటాయి. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగల్చడమనే మహదాశయం ముందు ఆ మొత్తుకోలు ఎవరికి వినిపిస్తుంది?

ఓడ తప్పిపోతే తర్వాతి రేవులో ఎక్కొచ్చులే అని ధైర్యం చెప్పేవాళ్లు 1886 నాటి అమెరికా చట్టం గురించి విని ఉండరు. విదేశీ జెండా కట్టిన ఓడ ఒక అమెరికా రేవులో మనుషుల్ని ఎక్కించుకుని తీసుకెళ్లి ఇంకో అమెరికా రేవులో దించడం దాని ప్రకారం కుదరదు, మధ్యలో దూరదేశపు రేవేదైనా తాకితే తప్ప. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. కాబట్టి మీరు రెండో రేవులో ఎక్కి మొదటి రేవులో దిగుతానంటే ఆవిరి ఓడల కాలం నాటి ఆ శాసనం లేచి నిలబడుతుంది. పోనీ తర్వాతి రేవు విదేశంలో ఉందనుకుందాం. బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే యాత్రకు జనన ధ్రువపత్రంతో సరిపెట్టిన అమెరికా పౌరుడికి, అక్కడికి విమానంలో పోవాలంటే పాస్‌పోర్టు కావాలి. ఉందనే అనుకుందాం, ఎక్కడుంది? టెర్మినల్ గుమ్మంలో పోర్టర్‌కు అప్పగించిన పెట్టెలో. ఆ పెట్టె సుఖంగా ఓడెక్కేసింది.

కంపెనీలకు నాదొక వినతి. ఒడ్డు విహారాలకు మీరు శ్రమ స్థాయులు రాస్తారు, కోట మెట్లు ఎక్కిస్తే ‘మధ్యస్థ శ్రమ’ అంటారు. విమానాశ్రయం నుంచి టెర్మినల్ దాకా ఉన్న విహారాన్ని కూడా ఆ పట్టికలో చేర్చి, ‘గుండె జబ్బులున్నవారికి తగదు’ అని ఒక ముక్క రాయండి.

ఇన్నీ దాటి, చెమటలు కక్కుతూ, ఆఖరివాడిగా గ్యాంగ్‌వే ఎక్కిన వీరుడికి ఓడ చేసే మొదటి సత్కారం ఏమిటో తెలుసా? ఓడ వదిలి ఎలా పారిపోవాలో నేర్పిస్తారు. ఒకప్పుడు ఈ మస్టర్ డ్రిల్‌ను ప్రయాణికులు ఓడెక్కాక 24 గంటల్లోపు ఎప్పుడైనా చేస్తే సరిపోయేది. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ మునిగాక నిబంధన మార్చారు. 2015 నుంచి ఓడ కదిలే ముందో కదిలిన వెంటనేనో జరిగి తీరాలి. న్యాయమైన నిబంధనే, నేను వాదించను. కానీ ఎక్కడానికి ప్రాణం మీదకు తెచ్చుకున్నవాడికి దిగే దారి చూపించేటప్పుడు ఆ సిబ్బంది కాస్త నవ్వాపుకుంటే బాగుండును.

గదిలోకి వెళ్లాక తెలుస్తుంది, స్టేప్లర్ ఉన్న పెట్టె విమానమే దిగలేదని. కంగారు పడక్కర్లేదు. వెతికి పట్టుకుని విమానంలో తర్వాతి రేవుకు పంపిస్తామంటారు. సముద్రంలో ఓడ నింపాదిగా వెళ్తుంది, పెట్టె గాల్లో రివ్వున పోతుంది. మనం చేరేసరికి అది ముందు రోజే వచ్చి, హాయిగా విశ్రాంతి తీసుకుని రేవులో కూర్చుని ఉంటుంది. కంపెనీ మొత్తుకున్న సలహా కుటుంబం మొత్తంలో విన్నది అదొక్కటే.