నాలుగు ఊళ్ల బడి

మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల నాలుగు ఊళ్ల పిల్లలకు చదువు చెబుతుంది కనుక, అది ఏ ఊరి బడి అన్న ప్రశ్న ఇంతవరకూ తేలలేదు. తేలకపోవడమే మంచిదని నాలుగు ఊళ్ల పెద్దలూ ఒక్క మాట మీద నిలబడ్డారు. వారు ఒక్క మాట మీద నిలబడిన సందర్భం, నాకు తెలిసినంతలో, ఇదొక్కటే.

ప్రతి ఆవాసానికీ ఐదు కిలోమీటర్లలోపు ఉన్నత పాఠశాల ఉండాలన్నది 2009లో మొదలైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ లక్ష్యం. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే మా నాలుగు ఊళ్లూ ఆ హద్దులోనే ఉన్నాయి, ఎందుకంటే స్కేలుకు వాగు అడ్డం రాదు. ఆకేరులో కలిసే ఆ వాగు పొంగిన రోజున అవతలి ఊరి పిల్లలు చుట్టుదారిన పదకొండు కిలోమీటర్లు నడిచి, తడిసిన చెప్పులు చేతపట్టుకొని రెండో పీరియడు సగంలో గుమ్మం ముందు నిలబడతారు. ‘ఇప్పుడా వచ్చేది?’ అని గద్దించే సారు హన్మకొండ నుంచి దిగి ఐదు నిమిషాలే అయి ఉంటుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు బస్సులో టికెట్టు లేదు. మా దారిలో బడి వేళకు బస్సూ లేదు కనుక, ఈ పథకం మా దగ్గర అమలైనంత సంపూర్ణంగా మరెక్కడా అమలై ఉండదు.

బోర్డు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విడిపోయినప్పుడు మూడు ఊళ్లు వరంగల్ గ్రామీణ జిల్లాలో మిగిలాయి, వాగవతలిది మహబూబాబాద్‌కు పోయింది. బడి బోర్డు మీద ‘గ్రామీణ’ అన్న మూడక్షరాల మాట రాయించాలంటే పెయింటరు కూలి ఎవరివ్వాలో తేలక ఐదేళ్లు గడిచాయి. ఈలోగా, 2021 ఆగస్టులో, ప్రభుత్వమే జిల్లా పేరును తిరిగి వరంగల్ అని మార్చింది. చేయి కదపకుండా ఊరకుంటే తప్పే ఒప్పవుతుందని ఆనాడు మాకు రుజువైంది.

బోరు మోటారు కాలిపోయినప్పుడు కూడా అదే పద్ధతి పాటిస్తున్నాం. నేల ఇచ్చాము కాబట్టి మోటారు మీరు ఇవ్వాలని ఒక ఊరు, పిల్లలు తక్కువ కాబట్టి తక్కువే ఇస్తామని ఇంకొకటి, జిల్లానే వేరు కాబట్టి తమకు సంబంధం లేదని వాగవతలిది వాదిస్తున్నాయి. నాలుగో ఊరు మీటింగుకు రాలేదు. నీళ్లు లేని మరుగుదొడ్లకు తాళం వేశారు. ఆడపిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా మూత సాయంత్రం దాకా తీయరు; దీన్ని క్రమశిక్షణ కింద నమోదు చేయవచ్చని నా సూచన.

అయితే నాలుగు ఊళ్లకూ బడి మీద మమకారం లేదనడం అన్యాయం. పదో తరగతిలో ఒక పిల్ల మొదటి స్థానంలో నిలిస్తే గేటు ముందు నాలుగు ఫ్లెక్సీలు వెలిశాయి. పిల్ల ఫొటో నాలుగింటిలోనూ ఒకటే, చుట్టూ ఉన్న నాయకులే వేరు. తండ్రిది ఒక ఊరు, తల్లిది ఒక ఊరు, చదివింది మేనత్త ఇంట్లో ఉండి. నాలుగో ఊరు ఏ బంధుత్వం చెప్పిందో ఎవరూ అడగలేదు. ఫ్లెక్సీలు గట్టివి. మధ్యాహ్న భోజనం వండే రేకుల షెడ్డు కురుస్తుంటే వంటమ్మ వాటిని విప్పి పైన కప్పింది, ఈ వానకాలం పప్పులో నీళ్లు పడలేదు.