ఆల్బర్ట్ కింగ్ పక్కన ఆ ట్రంపెట్లు ఉండాల్సిందే

పోయిన శనివారం రాత్రి మా ఇంట్లో నలుగురం కూర్చుని, అమెరికా నల్లజాతివాళ్ల కష్టసుఖాల పాటలైన బ్లూస్ పాడి గిటార్ వాయించిన ఆల్బర్ట్ కింగ్ ఆల్బమ్ 'బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్' మొదటి పాట నుంచి చివరి పాట దాకా విన్నాం. పదకొండు పాటలు, మొత్తం కలిపి 34 నిమిషాలు. దాని మీద మాటలు మాత్రం ఒంటిగంట దాటే వరకు సాగాయి. అందరూ వెళ్లిపోయాక నాకు నిద్ర పట్టలేదు. వాళ్ల ముందు సరిగ్గా చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఒకడికి అమెరికా దక్షిణాదిన మిసిసిపీ డెల్టా అనే పల్లెప్రాంతపు పాత బ్లూస్ రికార్డులంటే ప్రాణం. ఒక మనిషి, ఒక గిటార్, కాలితో వేసే తాళం, అంతే ఉండాలి వాడికి. "ఇది బ్లూస్ కాదురా, బ్లూస్ పాడేవాణ్ణి తీసుకెళ్లి సోల్ బ్యాండ్ ముందు నిలబెట్టారు. ఆ ట్రంపెట్లూ శాక్సోఫోన్లూ తీసేస్తే ఎంత బాగుండేది" అన్నాడు. (సోల్ అంటే చర్చి పాటల ఛాయ ఉన్న, డ్యాన్స్‌కి పనికొచ్చే నల్లజాతి నగర సంగీతం.) ఇంకొకడు ఏళ్లుగా గిటార్ సాధన చేస్తున్నాడు. "ఆయన దగ్గర ఉన్నవి నాలుగు లిక్స్, అంటే నాలుగు చిన్న గిటార్ వరసలు. అవే తిప్పి తిప్పి వాయించాడు" అన్నాడు. మూడో ఆయన మాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాం. "పాటలు మంచివే తమ్ముడూ, కానీ ఇది ఆల్బమ్‌లా లేదు, విడి పాటలు తెచ్చి ఒకచోట కుట్టినట్టుంది" అన్నాడు.

అన్న మాటతో నాకు పేచీ లేదు. 1966 మార్చి నుంచి 1967 జూన్ దాకా అప్పుడప్పుడూ రికార్డ్ చేసిన సింగిల్స్‌కి (విడి పాటలుగా అమ్మే చిన్న రికార్డులకి) మరికొన్ని పాటలు చేర్చి 1967 ఆగస్టులో అమెరికాలోని మెంఫిస్ నగరపు స్టాక్స్ రికార్డు సంస్థ దీన్ని విడుదల చేసింది. అప్పట్లో బ్లూస్ వినేవాళ్లు ఎక్కువగా కొనేది సింగిల్సే. కానీ అన్నీ ఒకే గదిలో, దాదాపు ఒకే మనుషులు వాయించినవి కాబట్టి నాకైతే అతుకులు కనిపించవు. మెంఫిస్‌లో ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూలో ఒక పాత సినిమా హాలు ఆ స్టూడియో. హాల్లో నేల వెనక నుంచి ముందుకి వాలుగా ఉంటుంది కదా, ఆ వాలు కూడా అలాగే ఉంచేశారు. ఆ గది మోత ప్రతి పాటలోనూ వినిపిస్తుంది.

నాకు నిజంగా బాధ కలిగించింది ట్రంపెట్ల మాట.

ఆల్బర్ట్ కింగ్‌కి సోల్ రంగు పూసింది స్టాక్స్ వాళ్లే అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. అంతకుముందు సెయింట్ లూయిస్‌లో ఆయన చేసిన రికార్డుల్లోనే శాక్సోఫోన్లు ఉన్నాయి. 1961లో ఆయనకి పేరు తెచ్చిన పాటకి పియానో వాయించింది సొంత బ్యాండ్ నడిపిన ఐక్ టర్నర్. అంటే ఆయన మెంఫిస్ వచ్చేసరికే వెనక నిండుగా బ్యాండ్ పెట్టుకుని పాడటం అలవాటైన మనిషి. స్టాక్స్‌లో ఆయనకి కొత్తగా దొరికింది మంచి బ్యాండ్. ఆర్గన్ బుకర్ టీ జోన్స్, గిటార్ స్టీవ్ క్రాపర్, బేస్ డక్ డన్, డ్రమ్స్ అల్ జాక్సన్ జూనియర్, పియానో దగ్గర ఐజాక్ హేస్, వేన్ జాక్సన్ ట్రంపెట్, ఆండ్రూ లవ్ శాక్సోఫోన్. ఆనాటి పెద్ద సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ వెనక వాయించిన చేతులు ఇవే.

ఇంకో సంగతి కూడా ఉంది. 1967 నాటికి ఆల్బర్ట్ కింగ్‌కి 44 ఏళ్లు. అర్కన్సాలో పత్తి చేల మధ్య పెరిగాడు, బుల్డోజర్ నడిపి పొట్ట పోసుకున్నాడు. ఆయన పాటలు వినే నల్లజాతి జనంలో ఎంతోమంది అప్పటికే పల్లెలు వదిలి నగరాలకి వచ్చేశారు, ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు, రాత్రిళ్లు సోల్ పాటలకి డ్యాన్స్ చేస్తున్నారు. ఈ ఆల్బమ్‌లోని 'ఓ ప్రెటీ ఉమన్' రాసింది ఎవరు? (అలాంటి పేరే ఉన్న రాయ్ ఆర్బిసన్ పాట కాదు, ఇది వేరే.) మెంఫిస్‌లో నల్లజాతి శ్రోతల కోసం నడిచిన డబ్ల్యూడీఐఏ రేడియోలో డీజేగా పనిచేసిన ఎ.సి. విలియమ్స్. ఆ రేడియో పెట్టుకునే ఇంట్లో బ్లూస్ ఒక గదిలో, సోల్ ఇంకో గదిలో ఉండేవి కావు. ఆయన వరండాలో ఒక్కడే కూర్చుని వాయిస్తేనే అసలు బ్లూస్ అనడం అంటే, ఆయన్ని ఆయన జనం మధ్య నుంచి లేపి మన ఊహలోని ఫొటోలో కూర్చోబెట్టడమే. దీనికి నేను ఒప్పుకోను.

సరే, చరిత్ర పక్కన పెట్టి చెవులతోనే తేల్చుకుందాం. టైటిల్ పాట పెట్టండి. బేస్, గిటార్ కలిసి కింది స్వరాల్లో ఒకే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస) వాయిస్తుంటాయి. పాట చాలాసేపు ఒకే కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మీద నిలబడి ఉంటుంది. క్రాపర్ ఎక్కడా ముందుకి రాడు. ట్రంపెట్, శాక్సోఫోన్లు పొడుగాటి స్వరాలు పట్టి, ఆల్బర్ట్ నోరు విప్పగానే తగ్గిపోతాయి. ఆ ఖాళీలో ఆయన ఒక లైను పాడతాడు, గిటార్ దానికి జవాబు చెబుతుంది, మళ్లీ ఖాళీ. ఆ నిండైన శబ్దం వెనక ఉంది కాబట్టే ఆయన మూడు స్వరాలు వాయించి ఆగిపోగలిగాడు. ఒక్కడే అయితే తాళం తప్పకుండా మోయాలి, కింది తీగ ఆపకుండా మోగించాలి. అలాంటప్పుడు ఆగే వీలు ఎక్కడిది? మావాడు తీసేయమన్న ట్రంపెట్లే ఆయన గిటార్‌కి నోరిచ్చాయి.

'క్రాస్‌కట్ సా' ఇంకా మంచి ఉదాహరణ. దాన్ని 1941లోనే టామీ మెక్‌లెన్నన్ రికార్డ్ చేశాడు, అచ్చం మావాడు మెచ్చే డెల్టా పద్ధతిలో. నాకూ ఇష్టమే ఆ రికార్డు. అల్ జాక్సన్ ఆ పాటకి రుంబా నడకలాంటి తాళం వేశాడు. అంతే, పాట కాళ్ల మీద లేచి నిలబడింది. డ్రమ్స్ వాయించే మనిషి ఒక పాత పాటని ఇంత ప్రేమగా కొత్త ఊరికి తీసుకురావడం నేను చాలా తక్కువగా విన్నాను. ఈ అల్ జాక్సనే మరుసటి ఏడాది ఆల్బర్ట్ లైవ్ ఆల్బమ్‌కి నిర్మాత కూడా. ఆల్బర్ట్ ఆయన్ని అంతగా నమ్మాడు.

ఇక నాలుగు లిక్స్ గొడవ.

ఆల్బర్ట్ కింగ్ ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ల కోసం తీగలు కట్టిన గిటార్‌నే తలకిందులుగా పట్టుకుని వాయించేవాడు. సన్న తీగ పైకి, లావు తీగ కిందికి వచ్చేవి. పిక్ వాడేవాడు కాదు, బొటనవేలే. తీగలు మామూలు కంటే వదులుగా ఉంచేవాడు. మిగతావాళ్లు పైకి తోసే సన్న తీగని ఆయన కిందికి లాగేవాడు, అదీ తన భారీ చేతుల బలంతో. అందుకే ఆయన ఒక్క స్వరం లాగితే మధ్యలో ఎన్ని మెట్లు దిగి ఎక్కుతుందో లెక్కపెట్టలేం.

వీణ విన్నవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఈమని శంకరశాస్త్రి గారు ఒకే మెట్టు మీద తీగ లాగి పలికించే గమకం విని, "స్వరాలు తక్కువే వాయించారు" అని ఎవరైనా అంటారా? కచేరీలో పల్లవి ఒకే లైను. దాన్నే మళ్లీ మళ్లీ పాడతారు, సంగతి మీద సంగతి వేస్తారు. ప్రతిసారీ ఎక్కడో ఒక్క చోట మార్పు. మనం ఆ ఒక్క చోటు కోసమే చెవులు రిక్కించి కూర్చుంటాం. 'పర్సనల్ మేనేజర్'లో సోలో అలా వినండి. గిటార్ మీద ఒకే చిన్న వరస మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకసారి తీగ పూర్తిగా పైదాకా వెళ్లదు, కొంచెం ముందే ఆగిపోతుంది. ఆ తగ్గిన కాస్త దగ్గరే నా గొంతులో ఏదో అడ్డుపడుతుంది. గిటార్ నేర్చుకునేవాళ్లు నోటేషన్ రాసుకుంటే ఇది కాగితం మీదకి రాదు, అందుకే నాలుగు లిక్స్‌లా కనబడుతుంది.

"ఇవన్నీ స్టీవీ రే వాన్ దగ్గర విన్నవేగా" అన్నాడు ఆ గిటార్ వాడే, తర్వాతి తరం బ్లూస్ గిటారిస్టుని తలుచుకుని. విన్నావు నాయనా, కానీ అవి పుట్టింది ఇక్కడ. క్రీమ్ బ్యాండ్ పాట 'స్ట్రేంజ్ బ్రూ'లో ఇంగ్లండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వాయించిన సోలో కూడా 'ఓ ప్రెటీ ఉమన్' ఒళ్లోంచి లేచి వచ్చిందే. 1983లో కెనడాలోని హామిల్టన్‌లో స్టీవీ, ఆల్బర్ట్ కలిసి టీవీ కోసం వాయించారు. ఆ రికార్డింగ్‌లో స్టీవీ ఎంత గౌరవంగా పెద్దాయనకి చోటు వదులుతాడో వినండి. అప్పు ఎవరికి ఉందో అతనికి తెలుసు. కాపీలు ముందు విని, అసలుని తర్వాత విని, అసలే పాతబడిపోయినట్టు మాట్లాడటం మాత్రం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

టైటిల్ గురించి ఒక్క మాట. చెడు ఘడియలో పుట్టినవాడి పాట అది. మాటలు స్టాక్స్ గాయకుడు విలియం బెల్, సంగీతం బుకర్ టీ. ఆల్బమ్ అట్ట మీద నల్లపిల్లి, పాచికలు, 13వ తేదీ శుక్రవారం. మా అమ్మమ్మ ఎవరికైనా వరసగా కష్టాలొస్తే "నష్టజాతకుడు పాపం" అనేది. ఆ పాటని నాకు ఎవరూ వివరించాల్సిన పని పడలేదు.

అన్నీ గొప్పవే అనను. 'కాన్సాస్ సిటీ' మామూలుగానే ఉంది, ఎవరు పాడినా అలాగే ఉండేది. 'ఐ ఆల్మోస్ట్ లాస్ట్ మై మైండ్'లో ఫ్లూట్ కాస్త తీపి ఎక్కువైంది. కానీ ముగ్గురూ కలిసి కొట్టిపారేసిన చివరి పాట 'ది వెరీ థాట్ ఆఫ్ యూ' విషయంలో మాత్రం వాళ్లతో ఏకీభవించలేను. 1934 నాటి మెత్తని ప్రేమ పాట అది. ఆరడుగులు దాటిన ఆ భారీ మనిషి గొంతు తగ్గించి, ఎవరికో మాత్రమే వినిపించాలన్నట్టు పాడతాడు. అంతకుముందు పాటలోనే, 'యాజ్ ది ఇయర్స్ గో పాసింగ్ బై'లో, పోగొట్టుకున్న మనిషిని తలుచుకుని అంత కుమిలిపోయినవాడు వెంటనే ఇలా పాడుతుంటే నాకు ఇంకా దిగులేస్తుంది.

వచ్చే శనివారం మళ్లీ కలుస్తున్నాం. ఈసారి ముందు మెక్‌లెన్నన్ 'క్రాస్‌కట్ సా' పెట్టి, ఆ వెంటనే ఆల్బర్ట్‌ది పెడతాను. చివరి రెండు పాటలు వచ్చినప్పుడు ఫోన్లు పక్క గదిలో పెట్టాలని ముగ్గురికీ ఇప్పుడే మెసేజ్ చేశాను. అన్న ఒక్కడే జవాబిచ్చాడు, "సరే తమ్ముడూ, లైట్లు కూడా తీసేద్దాం" అని.