మేమా, మనమా? పరిచర్యకు ముందు భాషాశాస్త్రం

గలిలయ సరస్సులో తుఫాను. పడవలోకి నీళ్లు వచ్చేస్తున్నాయి. యేసు నిద్రపోతున్నాడు. శిష్యులు ఆయన్ని లేపి చచ్చిపోతున్నామని మొరపెట్టుకున్నారు. 'మేము' అన్నారా, 'మనం' అన్నారా? గ్రీకులో, ఇంగ్లిష్‌లో ఈ ప్రశ్నే పుట్టదు, రెండింటికీ ఒకటే రూపం. తెలుగులో పుడుతుంది. 'మేము' అంటే గురువును తమ నుంచి వేరు చేసినట్టు. 'మనం' అంటే మునిగేవాళ్లలో ఆయన్నీ కలిపేసినట్టు. ఒడిశా కొండల్లో కోందులు మాట్లాడే కుయి భాషలోనూ ఈ తేడా ఉంది: ఆము అంటే మేము, ఆజు అంటే మనం. అనువాదకుడు ఏది రాస్తే శిష్యుల విశ్వాసం అంతే కనిపిస్తుంది. ప్రార్థనలో 'మా తండ్రీ' అనాల్సిన చోట 'మన తండ్రీ' అంటే ఇంకా ఘోరం, దేవుడికీ ఒక తండ్రి ఉన్నట్టవుతుంది.

అందుకే సూటిగా చెబుతున్నాను. భాషాశాస్త్రం, వేరే సంస్కృతి మనుషులతో మెలిగే పద్ధతి చదవనివాళ్లను మరో భాషా ప్రాంతానికి పరిచర్యకు పంపకూడదు. వెళ్తామనే యువతీయువకుల భక్తిని నేను శంకించను. కానీ దేవుడి పిలుపు వచ్చినంత మాత్రాన 'డ'కూ 'ర'కూ మధ్యలో ఉండే శబ్దం చెవికి పట్టదు. దానికి నెలల సాధన కావాలి. 1814లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు వ్యాకరణం వెలువరించిన విలియం కేరీ, 1873లో మరొకటి రాసిన ఆర్డెన్ ఇద్దరూ మిషనరీలే. 1934లో అమెరికాలో టౌన్సెండ్ అనే మిషనరీ బైబిల్ అనువాదకుల కోసం మొదలుపెట్టిన వేసవి తరగతులే తర్వాత ఎస్ఐఎల్ అనే భాషాశాస్త్ర సంస్థ అయ్యాయి.

మిషనరీలు ఇలా భాష నేర్చుకోవడమంతా మతం మార్చడానికి వేసే ఎర అంటారు కొందరు. కానీ భాష నేర్చుకున్నవాడు ఎదుటివాళ్ల మాటా వినాల్సి వస్తుంది. డానియల్ ఎవరెట్ 1977లో మిషనరీగా అమెజాన్ అడవుల్లోని పిరహా ప్రజల దగ్గరికి వెళ్లాడు. 'యేసును నువ్వు చూశావా?' అని వాళ్లు అడిగారు. చివరికి అతనే విశ్వాసం వదులుకున్నాడు. విశ్వాసిగా అది నన్ను బాధపెడుతుంది. అయినా వాళ్ల భాష రాకుండా వాళ్లకు బోధించి రావడం కంటే అదే నిజాయితీ అంటాను.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా నాకు గిడుగు రామమూర్తి గుర్తొస్తారు. ఆయన మిషనరీ కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడులు పెట్టారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు ఇచ్చారు. సవరల నోటి మాట వినడం అలవాటైన చెవే తెలుగువాళ్ల వాడుక మాటకూ విలువ ఇచ్చిందని నా నమ్మకం.

మరి ఇప్పుడు? సీతంపేటలో సవర, పాడేరు వైపు కువి, భద్రాచలంలో కోయ మాట్లాడే ఇళ్ల నుంచి పిల్లలు బడికి వస్తారు. మైదానం నుంచి బదిలీ మీద వెళ్లిన టీచరుకు ఆ భాష రాకపోతే, కడుపు నొప్పి అని పిల్ల ఏడ్చినా అర్థం కాదు. మిషనరీలకు పెట్టే షరతే ఈ టీచర్లకూ పెట్టాలి: ముందు ఆరు నెలలు ఊళ్లో ఉండి భాష నేర్చుకోవాలి, ఆ ఊరివాళ్లే పరీక్ష పెట్టాలి. ఆ ఆరు నెలలూ టీచరుకు జీతం ఇవ్వాలి, నేర్పిన ఊరివాళ్లకూ ఇవ్వాలి.