గ్యాంగ్‌స్టర్ సినిమా ఓపెనింగ్‌లో ముందు భయపడేవాడి మొహం పెట్టండి

ఫిల్మ్ కోర్సుల్లో, మాస్ కమ్యూనికేషన్ క్లాసుల్లో ప్రాజెక్ట్ కోసం గ్యాంగ్‌స్టర్ సినిమా ఓపెనింగ్ సీక్వెన్స్ ప్లాన్ చేస్తున్న పిల్లలకి ఇది చెప్పాలని ఎప్పట్నుంచో ఉంది. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి. చదివాక మీ టీమ్‌లో స్టోరీబోర్డ్, అంటే షాట్ల బొమ్మలు, గీస్తున్నవాడికి కూడా పంపండి.

నా దగ్గరకొచ్చే స్టోరీబోర్డులు పది తీస్తే తొమ్మిదింట్లో మొదటి పేజీ ఒకటే ఉంటోంది. రాత్రి, తడిసిన రోడ్డు, హెడ్‌లైట్లు, నల్ల కారు డోర్ తెరుచుకుంటది, బూటు క్లోజప్, బురద ఎగురుద్ది, లైటర్ వెలుగుద్ది, పొగ, వీపు మీద నుంచి షాట్, ఎవడో పక్కనుంచి వణుకుతూ "వాడెవడో తెలుసా" అంటాడు, బీజీఎం, అదే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, పగిలిపోద్ది, టైటిల్. మొత్తం స్లో మోషన్. మొహం మాత్రం చూపించరు, సస్పెన్స్ అంట. ఇందులో ఏ ఒక్క షాట్ కూడా ఆ పిల్లాడు కళ్లారా చూసిన మనిషి నుంచి రాలేదు, ట్రైలర్లు చూసి చూసి చేతికి అలవాటైపోయిన బొమ్మలు అవి. నాకు బాధ ఎక్కడంటే వీళ్లకి టాలెంట్ లేక కాదు, చేతిలో ఉన్న ఫోన్ ఫోర్‌కే తీస్తది, ఎడిటింగ్ ఇంటర్మీడియట్‌లోనే నేర్చేసుకున్నారు, రాత్రంతా మేలుకుని పనిచేసే పట్టుదల ఉంది, అదంతా తీసుకెళ్లి ఒక బూటు మీద పోస్తున్నారు.

బలం అనేది బలమున్నోడి ఒంటి మీద కనపడదు, వాడి ఎదురుగా ఉన్నోడి ఒంట్లో కనపడుద్ది. ఆ ఎదుటివాడు నిలబడ్డాడా కూర్చున్నాడా, చేతులు ఎక్కడ పెట్టుకున్నాడు, గొంతు ఎందుకు తగ్గించాడు, నవ్వాల్సిన అవసరం లేని చోట ఎందుకు నవ్వుతున్నాడు. ఇవి చూపిస్తే డాన్‌ని అసలు చూపించకపోయినా ప్రేక్షకుడికి వాడు ఎంతటోడో అర్థమైపోద్ది. ఇవి చూపించకుండా డాన్‌ని ఎన్ని యాంగిల్స్‌లో తీసినా వాడు అద్దె కోటు వేసుకున్న మీ క్లాస్‌మేట్ లాగే ఉంటాడు.

1972లో వచ్చిన గాడ్‌ఫాదర్ మీరందరూ చూసే ఉంటారు, పోస్టర్ హాస్టల్ గోడ మీద కూడా ఉండి ఉంటది. ఆ సినిమా మొదట్లో ఎవరి మొహం ఉంది? డాన్‌ది కాదు. అంత్యక్రియలు జరిపించే వ్యాపారం చేసుకునే ఒక మామూలు తండ్రిది. కూతురి మీద దాడి చేసినోళ్లకి కోర్టులో శిక్ష పడీ పడనట్టు వదిలేశారు, ఆయన చీకట్లో కూర్చుని ఆ విషయం చెప్పుకుంటా ఉంటాడు. ఫ్రేమ్ చాలా నెమ్మదిగా వెనక్కి తెరుచుకుంటా పోద్ది, దాదాపు మూడు నిమిషాలు, కట్ లేదు. చివరికి ఫ్రేమ్ అంచున ఒక చెయ్యి, ఒక భుజం వస్తాయి. అప్పటికే మనకి తెలిసిపోయింది, పోలీసులూ కోర్టులూ చెయ్యలేని పని ఈ గదిలో అవుద్ది, దానికి వేరే ఖరీదు ఉంటది అని. ఒక్క తుపాకీ లేదు. డైరెక్టర్ కొప్పోలా మొదట స్క్రిప్ట్ నేరుగా పెళ్లి సీన్‌తో మొదలుపెట్టాడంట, ఒక స్నేహితుడు ఓపెనింగ్ ఇంకోలా ఆలోచించమంటే ఈ తండ్రిని ముందుకు తెచ్చాడు. పెళ్లి సీన్ దీని తర్వాత వస్తది, బయట ఎండలో డాన్సులు, లోపల చీకట్లో బేరాలు. కెమెరామన్ గోర్డాన్ విల్లిస్ లైట్ పైనుంచి పెట్టి, డాన్ వేషం వేసిన బ్రాండో కళ్లు నీడలో ఉంచేశాడు కాబట్టి ఆయన ఏం ఆలోచిస్తున్నాడో అడగడానికి వచ్చినోడికీ తెలీదు మనకీ తెలీదు.

మన పిల్లలు ఇందులోంచి ఏం తీసుకుంటున్నారు? పిల్లిని! నిజంగానే, ఒడిలో పిల్లిని పెట్టుకున్న డాన్‌ని ఎన్ని షార్ట్ ఫిల్ముల్లో చూశానో. ఆ పిల్లి స్క్రిప్ట్‌లోనే లేదు, స్టూడియోలో తిరుగుతుంటే తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టారు. ప్లాన్ చేసింది పిల్లిని కాదు, ఎవరి మొహం ముందు రావాలి, ఎవరిది తర్వాత రావాలి అనే వరసని.

2002లో వచ్చిన బ్రెజిల్ సినిమా సిటీ ఆఫ్ గాడ్ కూడా చూడండి. కత్తి నూరుతున్న శబ్దం, కోళ్లు కోస్తున్నారు, వాటిలో ఒకటి తాడు తెంచుకుని పరిగెత్తుద్ది. తుపాకులు పట్టుకున్న కుర్రాళ్ల గుంపు మొత్తం నవ్వుకుంటా ఒక కోడి వెనకాల సందుల్లో పడతారు. ఆ కోడి వెళ్లి కెమెరా మెడలో వేసుకున్న ఒక అబ్బాయి ముందు ఆగుద్ది, ఇటుపక్క గ్యాంగు అటుపక్క పోలీసులు, మధ్యలో వాడు. మళ్లీ అదే సంగతి, ఇరుక్కున్నోడి వైపు నుంచే చూపించారు. డైరెక్టర్ స్కార్సెసీ 1990లో గుడ్‌ఫెల్లాస్ సినిమా మొదలుపెట్టింది రాత్రిపూట కారులో వెళ్తుంటే ఎక్కడ్నుంచో టక్ టక్ మని వినిపించే శబ్దంతో. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, టైరా ఏంటి అని. డిక్కీలోంచి వస్తోంది అది. తర్వాత వచ్చే హింస దారుణంగా ఉంటది, నిజమే, కానీ మనల్ని లోపలికి లాగింది మాత్రం ఆ శబ్దం.

తుపాకీ నేరుగా కెమెరా వైపు గురిపెట్టి కాల్చే షాట్ కొత్తగా కనిపెట్టాం అనుకునేవాళ్లకి ఇంకోటి చెప్పాలి. 1903లో ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ అనే సినిమాలోనే అది వచ్చేసింది. దాన్ని సినిమా మొదట్లో వేసుకున్నా పర్లేదు చివర్లో వేసుకున్నా పర్లేదు అని థియేటర్ వాళ్లకే వదిలేశారు. ఎక్కడ పెట్టినా సరిపోయే షాట్ అంటే కథతో దానికి సంబంధం లేదనే కదా అర్థం. మీ స్టోరీబోర్డ్‌లో ప్రతి షాట్‌నీ ఈ ప్రశ్న అడగండి, చాలా వాటిని మీరే కొట్టేస్తారు.

మన దగ్గరికి వస్తే ఇంకో గందరగోళం ఉంది. పిల్లలు ఫ్యాక్షన్‌నీ గ్యాంగ్‌స్టర్‌నీ కలిపేస్తున్నారు. వేటకొడవళ్లు, నాటుబాంబులు, సుమోల వరస, తెల్ల పంచె, ఇదంతా వేరే లోకం, అక్కడ గొడవ ఊరిది, భూమిది, రెండు కుటుంబాల పగది. గ్యాంగ్‌స్టర్ కథ సిటీది, వ్యాపారం కథ. వాడికి కస్టమర్లు ఉంటారు, లెక్కలు ఉంటాయి, వసూళ్లకి మనుషులు ఉంటారు, మామూళ్లు వెళ్లే చోట్లు ఉంటాయి. అమెరికా గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ అంతటోడికి 1931లో పదకొండేళ్ల శిక్ష పడింది హత్యలకి కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ ఎగ్గొట్టినందుకు. చిట్టాపుస్తకం పట్టించింది వాడిని. మరి మీ ఓపెనింగ్‌లో లెక్కల పుస్తకం ఎక్కడ ఉంది? మీ డాన్ ఏం అమ్ముతాడు, ఎవరి దగ్గర వసూలు చేస్తాడు అని అడిగితే టీమ్ మొత్తం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటారు. "డాన్ అన్నా... అంతే" అంటారు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన ఒక టీమ్ గురించి చెప్తా. ఐదుగురు కూర్చుని వాదించుకుంటున్నారు, డ్రోన్ కావాలా వద్దా అని. ఒకమ్మాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. నువ్వు ఇలాంటోణ్ని ఎవరినైనా నిజంగా చూశావామ్మా అని అడిగా. "రౌడీని చూళ్లేదు అన్నా, మా నాన్న కొట్టుకి ఫైనాన్స్ ఆయన వచ్చేవాడు" అంది. వాళ్లది కిరాణా కొట్టు. ఆయన బండి సరిగ్గా మెట్ల ముందు పెడతాడంట, కొనేవాళ్లు పక్కనుంచి తిరిగి రావాలి. లోపలికొచ్చి నాన్న కుర్చీలో కూర్చుంటాడు, అడగడు. సీసా మూత తీసి ఒక జీడిపాకం ముక్క నోట్లో వేసుకుంటాడు, మూత మళ్లీ పెట్టడు. ఏమీ మాట్లాడడు. బండి తాళం గల్లాపెట్టె మీద పెట్టి వేలితో తిప్పుతా ఉంటాడు. నాన్న నిలబడే ఉంటాడు, చేతిలో ఉన్న పొట్లం కడతానే ఉంటాడు, అప్పటికే కట్టేసిన పొట్లానికి మళ్లీ దారం చుడతా ఉంటాడు. కొట్లో ఉన్న కొనేవాళ్లు ఒక్కొక్కళ్లే మళ్లీ వస్తాంలే అని వెళ్లిపోతారు. ఆయన వెళ్లేటప్పుడు ఆ పిల్లని చూసి "బాగా చదువుతున్నావా తల్లీ, ఏ కాలేజీ" అని అడుగుతాడంట. అంతే. ఆ రోజు రాత్రి నాన్న అన్నం తినలేదు.

గదిలో అందరం కాసేపు ఊరుకున్నాం. తర్వాత ఒకబ్బాయి "సూపర్ ఉంది కానీ ఇందులో ఎలివేషన్ ఏదన్నా" అన్నాడు, అంటే డాన్‌ని పెద్దగా ఎత్తి చూపించే షాట్ ఏదని. తమ్ముడూ, "ఏ కాలేజీ" అని అడిగాడు చూడు, అంతకంటే పెద్ద ఎలివేషన్ నువ్వు జన్మలో రాయలేవు అన్నా. ప్రేమగా అడిగిన మాట అది, బయటివాడు వింటే మంచి మనిషి అనుకుంటాడు. ఆ తండ్రికి మాత్రం గుండె జారిపోయింది.

అప్పుడు కూర్చుని ప్లాన్ చేశాం, చూడండి ఎంత తేలికైపోయిందో. కెమెరా కౌంటర్ వెనకాల, ఆ అమ్మాయి ఎత్తులో, ఎందుకంటే చూసేది తనే. మొదటి షాట్ పొట్లం కడుతున్న చేతులు. బయట బండి ఆగిన శబ్దం, చేతులు ఒక్క క్షణం ఆగుతాయి, మళ్లీ కడతాయి. వచ్చినోడి మొహం చివరిదాకా తిన్నగా చూపించొద్దు, సస్పెన్స్ కోసం కాదు, ఆ పిల్ల తలెత్తి చూడదు కాబట్టి. లైట్ అంటారా, కొట్లో ఉన్న ట్యూబ్‌లైట్ చాలు, గుమ్మంలో అతను నిలబడ్డప్పుడు బయట వెలుతురు కొంచెం తగ్గుద్ది, అంతే. సంగీతం అసలు వద్దు, ఫ్రిజ్ మోత, తాళం గీసుకుంటున్న చప్పుడు, దూరంగా స్కూల్ వదిలిన గోల. తాళం చప్పుడు మాత్రం తర్వాత విడిగా దగ్గర నుంచి రికార్డ్ చేసుకోవాలి, ఫోన్ మైక్‌లో రాదు. టైటిల్స్ ఎక్కడ అని అడిగారు. కొనేవాళ్లు ఒక్కొక్కళ్లు ఫ్రేమ్‌లోంచి వెళ్లిపోయినప్పుడు ఖాళీ అయిన చోట ఒక్కో పేరు. రెండు నిమిషాల ఓపెనింగ్ అయిపోయింది. ఖర్చు జీడిపాకం.

ఇలాంటివి మన చుట్టూ ఎన్ని లేవు. 2015 డిసెంబర్‌లో విజయవాడలో కాల్‌మనీ, అంటే అధిక వడ్డీ అప్పుల, వ్యవహారం బయటపడ్డప్పుడు ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోట్లు, ఇళ్లు రాయించుకోవడాలు, ఆడవాళ్లని వేధించడాలు, అన్నీ పేపర్లలో వచ్చాయి, అసెంబ్లీ దద్దరిల్లింది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకి తెలంగాణలో ప్రాణాలు పోయాయి, హైదరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద పడ్డారు. అప్పు తీసుకున్నోళ్ల ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్ చేసి పరువు తీసేవాళ్లు. అక్కడ డాన్ ఎవరు? హెడ్‌సెట్ పెట్టుకుని జీతానికి తిట్టే కుర్రాడు కూడా డిగ్రీ చదివినోడే. ఆ కుర్రాడు మొదటిరోజు డ్యూటీలో స్క్రీన్ మీద ఒక పేరు చూసి కాల్ కలపడం మీద ఒక గ్యాంగ్‌స్టర్ సినిమా మొదలవ్వొచ్చు, అందులో కత్తి అక్కర్లేదు, కారు అక్కర్లేదు. అలాంటి ఐడియా ఎవరైనా తెస్తే నేను రాత్రంతా కూర్చుంటా వాళ్లతో.

కత్తి తుపాకీ అసలు వద్దని నేను అనట్లేదు. 1989లో శివ సినిమా చూసినోళ్లకి సైకిల్ చైన్ ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే అది ప్రతి కాలేజీ స్టాండ్‌లో ఉన్న వస్తువు, రోజూ తొక్కేదాన్నే ఆ కుర్రాడు లాగి చేతికి చుట్టుకున్నాడు. ఆయుధం ఆ చోటులోంచే రావాలి. బొమ్మ పిస్టల్ కొని తీసుకొస్తే అది ఎంత బాగున్నా ఫ్రేమ్‌లో అద్దె సామానులా ఉంటది. పైగా బొమ్మ తుపాకులు పట్టుకుని, మొహాలకి గుడ్డలు కట్టుకుని పర్మిషన్ లేకుండా రోడ్డు మీద షూట్ చెయ్యకండి దయచేసి. దూరం నుంచి చూసేవాళ్లకి అది బొమ్మ అని ఎలా తెలుస్తది? లోకల్ స్టేషన్‌లో ముందే రాసి ఇవ్వండి, చుట్టుపక్కల షాపులవాళ్లకి చెప్పండి, ఒకళ్లు అడ్డంగా నిలబడి వచ్చేపోయేవాళ్లకి షూటింగ్ అని చెప్తా ఉండాలి. ఇంకోటి, ఎవరిదో సినిమా బీజీఎం ఎత్తుకొచ్చి పెట్టొద్దు, మీ కాలేజీలో తబలా వాయించేవాడు ఉంటాడు, వాణ్ని పిలవండి.

కొందరు టీచర్లు ఈ జానరే వద్దంటారు, పిల్లలు చెడిపోతారని. నేను ఒప్పుకోను. రౌడీని చూపిస్తే చెడిపోరు, రౌడీకి మాత్రమే క్లోజప్ ఇచ్చి, దెబ్బ తిన్నోణ్ని ఫ్రేమ్ బయటకి తోసేస్తేనే సమస్య. దెబ్బ తినేవాడికి పేరు లేదు, ఇల్లు లేదు, గాల్లో ఎగిరి కూరగాయల బండి మీద పడటానికే పుట్టాడు అన్నట్టు తీస్తాం. ఆ కూరగాయల బండివాడి సంగతేంటి, వాడి రోజు సంపాదన నేలపాలైంది కదా, వాడి మొహం ఎప్పుడైనా చూపించామా? ఇరవై ఏళ్ల పిల్లలు మొదటి సినిమాలో ఈ ప్రశ్న అడగకపోతే ఇంకెప్పుడు అడుగుతారు, రేపు కోట్ల బడ్జెట్ చేతికొచ్చాక అడగనిస్తారా ఎవరైనా?

ఇప్పుడు ఎవరైనా ఇలాంటి ఓపెనింగ్ ప్లాన్ చేస్తుంటే నాకు పంపండి, తప్పకుండా చదువుతా, ఫీజు గీజు ఏం లేదు. షాట్ లిస్ట్ ముందు పంపొద్దు. మీ మొదటి సీన్‌లో ఎవరు ఎవరికి ఎంత బాకీ, అది కట్టలేకపోతే ఏం పోద్ది, ఆ విషయం ఇంట్లో ఎవరెవరికి తెలుసు, ఇవి ఒక పేజీలో రాసి పంపండి. బూట్ల గురించి తర్వాత మాట్లాడుకుందాం.