బొటాఫోగో టైటిల్ పోగొట్టుకున్నది ఆ ఒక్క రాత్రిలో కాదు

24 పాయింట్లు. 2023 బ్రెజిల్ ఫుట్‌బాల్ లీగ్ రెండో సగంలో రియో క్లబ్ బొటాఫోగో అన్ని తెచ్చుకుని ఉంటే చాలు, 1995 తర్వాత మళ్లీ దేశ ఛాంపియన్ అయ్యేది. ఉన్న మ్యాచ్‌లు 19. గెలుపుకి 3, డ్రాకి 1 చొప్పున వాటిలో దొరికే పాయింట్లు 57. సీజన్ మొత్తం ఇదే లెక్కన ఆడే జట్టు 48 పాయింట్లతో ఆ ఏడాది పట్టికలో పద్నాలుగో స్థానంలో ఉండేది. అంటే బొటాఫోగో గొప్పగా ఆడాల్సిన అవసరమే లేదు, ఓ మోస్తరుగా ఆడినా సరిపోయేది. కానీ వచ్చినవి 17 పాయింట్లు. అదే తీరులో ఏడాదంతా ఆడిన జట్టు నేరుగా కింది డివిజన్‌కు పోతుంది.

మొదటి సగం చూస్తే ఇది ఇంకా నమ్మబుద్ధి కాదు. 19 మ్యాచ్‌ల్లో 15 గెలుపులు, 2 డ్రాలు, 2 ఓటములు, 47 పాయింట్లు. 20 జట్ల లీగ్‌గా మారాక సగం సీజన్‌కు ఇంతకు మించి ఎవరూ కొట్టలేదు. 2017లో కొరింథియన్స్‌వీ 47 పాయింట్లే. ఒక దశలో రెండో స్థానంలో ఉన్న జట్టు 13 పాయింట్లు వెనకబడి ఉంది. అప్పటికే రియోలో సంబరాలకు ముహూర్తం వెతుక్కుంటున్నారు.

చివరికి డిసెంబర్ 6న పట్టిక చూస్తే పాల్మీరాస్ 70, గ్రేమియో 68, అట్లెటికో మినేరో 66, ఫ్లమెంగో 66, బొటాఫోగో 64. ఐదో స్థానం.

దీని గురించి రాసినవాళ్లంతా నవంబర్ 1 రాత్రి దగ్గరే ఆగిపోతారు. అది నిజంగా మరిచిపోలేని మ్యాచే. సొంతగడ్డ నిల్టన్ శాంటోస్ స్టేడియంలో, వెనకాలే తరుముకొస్తున్న పాల్మీరాస్ మీద, హాఫ్ టైమ్‌కి బొటాఫోగో 3-0తో ముందుంది. రెండో సగం మొదలైన కాసేపటికే ఎన్‌డ్రిక్ ఒకటి తిరిగి కొట్టాడు. అప్పటికి ఆ కుర్రాడికి 17 ఏళ్లు, రియల్ మాడ్రిడ్ కొనేసి దాదాపు ఏడాది అవుతోంది. డెబ్బై నిమిషాలు దాటాక బొటాఫోగో డిఫెండర్ అడ్రియెల్సన్‌కి రెడ్ కార్డు. అయినా 3-1 మీద బొటాఫోగోకే పెనాల్టీ దొరికింది. అది పడితే కథ అక్కడితో అయిపోయేది. జట్టుకి ఆ ఏడాది గోల్స్ మూట కట్టిపెట్టిన టికిన్యో సోరెస్ కొట్టాడు, గోల్‌కీపర్ వెవెర్టన్ ఆపేశాడు. ఆ తర్వాత కాసేపటికే ఎన్‌డ్రిక్ రెండోది, 89వ నిమిషంలో ఫ్లాకో లోపెజ్ మూడోది, ఇంజురీ టైమ్ తొమ్మిదో నిమిషంలో మురీలో నాలుగోది. 3-4. క్లబ్ యజమాని జాన్ టెక్స్టర్ మైదానంలోకి దిగి, కెమెరాల ముందే రిఫరీయింగ్‌లో అవినీతి ఉందని విరుచుకుపడ్డాడు, బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు రాజీనామా చేయాలన్నాడు. ఆ గొడవ తర్వాత కోర్టుల దాకా సాగింది గానీ పట్టికలో ఒక్క అంకె కూడా మారలేదు.

ఇక్కడే కొంచెం లెక్క వేయాలి. ఆ ఓటమి తర్వాత కూడా బొటాఫోగోకి 59 పాయింట్లు, పాల్మీరాస్‌కి 56. పైగా బొటాఫోగో ఒక మ్యాచ్ తక్కువ ఆడింది. మిగిలిన 8 మ్యాచ్‌ల్లో 4 గెలిచి, నాలుగూ ఓడిపోయినా 71తో టైటిల్ వాళ్లదే. ఎందుకంటే పాల్మీరాస్ కూడా పెద్దగా దూసుకుపోయిందేమీ లేదు. వారం తిరిగేసరికి ఫ్లమెంగో చేతిలో 0-3తో చిత్తయింది. మిగిలిన 7 మ్యాచ్‌ల్లో దానికి వచ్చినవి 14 పాయింట్లే. 2009లో ఫ్లమెంగో 67తో గెలిచాక ఇంత తక్కువ పాయింట్లకు ఎవరూ ఛాంపియన్ కాలేదు.

ఇంకో లెక్క మరీ విచిత్రం. నవంబర్ 1న బొటాఫోగో ఆ 3-0ని నిలబెట్టుకుని గెలిచిందే అనుకుందాం. మిగతా ఫలితాలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచితే బొటాఫోగోకి 67, పాల్మీరాస్‌కి 67. టైటిల్ మాత్రం 68 ఉన్న గ్రేమియోది! ఏడాది ముందు రెండో డివిజన్‌లో ఆడి పైకొచ్చిన జట్టు ఛాంపియన్ అయిపోయేది. అభిమానులు ఏళ్ల తరబడి తలచుకుని కుమిలిపోయే ఆ ఒక్క మ్యాచ్ గెలిచినా బొటాఫోగోకి దక్కేది ఏమీ లేదన్నమాట.

గ్రేమియోని ఆపాల్సింది నవంబర్ 9న. ఆ మ్యాచ్‌లోనూ బొటాఫోగో 3-1తో ముందుంది, అదీ 3-4తోనే ఓడింది. గ్రేమియో స్ట్రైకర్ లూయిస్ సువారెజ్ రెండో సగంలో మూడు గోల్స్ కొట్టాడు. 36 ఏళ్ల వయసులో, అరిగిపోయిన మోకాలితో బ్రెజిల్ వచ్చి, లీగ్‌లో 17 గోల్స్ చేసి, అందులో ఉత్తమ ఆటగాడిగా వెళ్లిపోయిన మనిషి. ఆ రాత్రి అతన్ని చూస్తే ఎదుటి జట్టు మీద కోపం కూడా రాదు.

ఈ రెండింటి మధ్య వాస్కో చేతిలో 0-1. తర్వాత వరసగా డ్రాలు: బ్రగాంచీనోతో 2-2, ఫోర్టలేజాతో 2-2, శాంటోస్‌తో 1-1, కొరిచీబాతో 1-1, క్రుజేరోతో 0-0. కొరిచీబా ఆ ఏడాది పందొమ్మిదో స్థానంలో నిలిచిన జట్టు. దాని మీద ఇంజురీ టైమ్‌లో పెనాల్టీతో గోల్ కొట్టి, గెలిచేశామని ఊపిరి పీల్చుకునే లోపే గోల్ ఇచ్చేశారు. చివరి రోజు ఇంటర్నేషనల్ చేతిలో 1-3. మొత్తం మీద అక్టోబర్ 18న అమెరికా మినేరో మీద గెలిచాక చివరి 11 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపూ లేదు.

దీన్ని రియోలో చాలామంది శాపం కింద జమ కట్టేశారు. కొన్ని సంగతులు బొటాఫోగోకే జరుగుతాయన్న మాట అక్కడ తాతల కాలం నుంచీ ఉంది. గరించా, దిది, నిల్టన్ శాంటోస్, జైర్జిన్యో ఆడిన క్లబ్ అది, కానీ శకునాల పిచ్చి కూడా ఆ స్థాయిలోనే ఉండేది. 1948లో మైదానంలోకి పరుగెత్తుకొచ్చిన బిరీబా అనే నలుపు తెలుపు కుక్క అదృష్టం తెస్తుందని నమ్మి, నాటి అధ్యక్షుడు కార్లీటో రోషా దాన్ని ప్రతి మ్యాచ్‌కీ వెంట తీసుకెళ్లాడు. ఆ ఏడాది రియో రాష్ట్ర టైటిల్ వాళ్లదే అయ్యేసరికి నమ్మకం స్థిరపడిపోయింది. కథగా వినడానికి బాగుంటుంది. 2023 పతనానికి మాత్రం శాపం దాకా వెళ్లక్కర్లేదు. జూన్ నెల దగ్గర ఆగితే చాలు.

జూన్ చివర్లో, జట్టు అగ్రస్థానంలో ఉండగానే, కోచ్ లూయిస్ కాస్ట్రో వెళ్లిపోయాడు. వెళ్లింది సౌదీ అరేబియాలోని అల్ నస్ర్‌కి, క్రిస్టియానో రొనాల్డో ఆడుతున్న క్లబ్‌కి. ఆ వేసవిలో సౌదీ డబ్బు ముందు యూరప్ క్లబ్బులే నిలవలేకపోయాయి, బ్రెజిల్ క్లబ్ ఎంత? తాత్కాలికంగా క్లౌడియో కసాపా పగ్గాలు పట్టాడు, జట్టు గెలుస్తూనే పోయింది. అందుకే అప్పుడు ఎవరికీ ప్రమాదం కనిపించలేదు. జులైలో పోర్చుగల్ నుంచి బ్రూనో లాజ్ వచ్చాడు. ఆగస్టులో టికిన్యో మోకాలికి గాయం. సెప్టెంబర్ మొదట్లో ఫ్లమెంగో చేతిలో 1-2తో ఓడిన రాత్రి, మీడియా ముందు కూర్చుని, కావాలంటే నా పదవి తీసుకోండి అన్నట్టు మాట్లాడాడు లాజ్. పట్టికలో అందరికంటే పైనున్న జట్టు కోచ్ అలా అంటే డ్రెస్సింగ్ రూమ్‌లో ఏమనుకుంటారు? టెన్షన్ అక్కడే మొదలైందని నా అనుమానం. అక్టోబర్ మొదట్లో, టికిన్యోని బెంచ్ మీద కూర్చోబెట్టి గోయాస్‌తో 1-1 డ్రా చేసుకున్న మర్నాడే లాజ్‌ని తీసేశారు. తర్వాత లూసియో ఫ్లావియో తాత్కాలికం. నవంబర్ మధ్యలో, ఇంకో 5 మ్యాచ్‌లు మాత్రమే మిగిలి ఉండగా, టియాగో నూన్స్. ఒక్క సీజన్లో ఐదుగురు.

కోచ్‌ని మార్చిన జట్లన్నీ మునిగిపోలేదు. ఫ్లమెంగో ఆ ఏడాది ముగ్గురు కోచ్‌లను చూసి కూడా నాలుగో స్థానంలో ఉంది. అట్లెటికో జూన్‌లో కోచ్‌ని పోగొట్టుకుని, పెద్దాయన స్కోలారిని తెచ్చి, మొదట్లో గెలుపు కోసం అల్లాడి కూడా మూడో స్థానానికి పాకింది. కాబట్టి కోచ్ మారితే చాలు, జట్టు పోతుందని నేననడం లేదు. బొటాఫోగో సంగతి వేరు. ఫ్లమెంగోకి ఎవరు కోచ్‌గా ఉన్నా మ్యాచ్ గెలిపించే ఖరీదైన ఆటగాళ్లు బెంచ్ మీద కూడా ఉంటారు. బొటాఫోగోలో పెద్ద పేర్లు లేవు, పద్ధతి ఉంది. ఆ పద్ధతిని అల్లినవాడు వెళ్లిపోయాక ఆ ఊపుతో రెండు నెలలు నడిచారు. చేయి తిరిగిన మేస్త్రీ మధ్యలో వెళ్లిపోయిన ఇంటి పని కూడా అలాగే కొన్నాళ్లు సాగుతుంది, పైకప్పు వేసే రోజు వచ్చేదాకా.

కోచ్ జూన్‌లోనే ఎందుకు పోయాడన్నది బ్రెజిల్ ఫుట్‌బాల్‌కి ఉన్న పాత జబ్బు. 2023లో అక్కడ జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాష్ట్ర టోర్నీలు ఆడి, ఏప్రిల్‌లో జాతీయ లీగ్ మొదలుపెట్టి డిసెంబర్‌లో ముగించారు. యూరప్, గల్ఫ్ లీగ్‌లు ఆగస్టులో మొదలవుతాయి. వాళ్లు సంచులు పట్టుకుని బజారుకొచ్చే జూన్, జులై నెలలు బ్రెజిల్‌లో సరిగ్గా సీజన్ నడుమ. ఎవరు బాగా ఆడుతుంటే వాళ్లకే ముందు కబురొస్తుంది. అగ్రస్థానంలో ఉండటమే ప్రమాదం అయిపోయిన లీగ్ ఇంకోటి చూపించడం కష్టం.

ఈ గాలివానలో పాల్మీరాస్ చేసిందల్లా కదలకుండా కూర్చోవడం. 2020 చివర్లో వచ్చిన అబెల్ ఫెరీరా అదే కుర్చీలో ఉన్నాడు. ఆ జట్టుకీ కష్టాలు తక్కువ రాలేదు. ముఖ్యమైన ఆటగాడు దూదూకి మోకాలు పోయింది. అక్టోబర్ 5న దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద టోర్నీ కోపా లిబెర్టడోరెస్ సెమీస్‌లో బోకా జూనియర్స్ చేతిలో పెనాల్టీలతో బయటికొచ్చింది, ఆ వెంటనే లీగ్‌లోనూ ఓడింది. వేరే క్లబ్‌లో అయితే ఆ వారమే కోచ్ సామాను సర్దుకునేవాడు. ఇక్కడ ఫెరీరా జట్టు అమరికనే మార్చి, ఎన్‌డ్రిక్‌కి చోటిచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. చివరి రోజు క్రుజేరోతో 1-1 మ్యాచ్‌లో గోల్ కొట్టిందీ ఆ కుర్రాడే.

ఇంకో సంగతి కూడా ఈ పట్టికలో దాక్కుని ఉంది. క్లబ్బులు కంపెనీలుగా మారి ప్రైవేటు పెట్టుబడి తెచ్చుకోవడానికి 2021లో బ్రెజిల్ చట్టం చేసింది. ఇక దశ తిరిగినట్టేనని చాలామంది నమ్మారు. బొటాఫోగో, వాస్కో, క్రుజేరో, బహియా ఆ దారిలో వెళ్లాయి. 2023లో క్రుజేరో 14, వాస్కో 15, బహియా 16వ స్థానాల్లో, కింది డివిజన్‌కు జారే అంచు మీద కాళ్లూనుకుని నిలబడ్డాయి. మొదటి రెండు స్థానాల్లో ఉన్న పాల్మీరాస్, గ్రేమియో ఇప్పటికీ సభ్యులు ఓట్లేసి అధ్యక్షుణ్ని ఎన్నుకునే పాత తరహా క్లబ్బులే. ఒక్క సీజన్‌తో తీర్పు చెప్పలేం గానీ, డబ్బు సంచితో పాటు ఓపిక కూడా రావాలన్నది మాత్రం ఆ ఏడాది తేలిపోయింది.

పాత పద్ధతి ఉంటేనే అంతా బాగుంటుందా అంటే, శాంటోస్‌ని చూడండి. పెలే క్లబ్. 2022 డిసెంబర్ 29న ఆయన పోయాడు. ఏడాది తిరక్కుండానే, 111 ఏళ్ల చరిత్రలో ఎన్నడూ చూడని కింది డివిజన్‌ని ఆ క్లబ్ చూసింది. అప్పటిదాకా ఎన్నడూ దిగజారని మూడు పెద్ద క్లబ్బుల్లో అదొకటి, మిగతావి ఫ్లమెంగో, సావో పాలో. నలుగురు కోచ్‌లు మారారు. అక్టోబర్‌లో ఇంటర్నేషనల్ చేతిలో 1-7తో ఓడారు. చివరి రోజు సొంతగడ్డ విలా బెల్మీరోలో ఫోర్టలేజా మీద గెలిస్తే నిలిచేవాళ్లు, 1-2తో ఓడారు. ఆ రాత్రి ఊళ్లో కార్లూ బస్సులూ తగలబడ్డాయి.

ఇదే శాంటోస్ 2002లో లీగ్ దశలో ఎనిమిదో స్థానంలో ఉండి కూడా ప్లేఆఫ్స్‌లో గెలిచి ఛాంపియన్ అయింది. రాబిన్యో, డియెగో జట్టు. ఆ మరుసటి ఏడాదే బ్రెజిల్ ప్లేఆఫ్స్ ఎత్తేసి, ఎవరికి పాయింట్లు ఎక్కువుంటే వాళ్లకే టైటిల్ అంది. మనకు ఐపీఎల్ అలవాటు కాబట్టి ప్లేఆఫ్స్ లేని లీగ్ చప్పగా అనిపిస్తుంది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2021-22లో లీగ్ దశలో రెండో స్థానంలో ఉండి, ఫైనల్లో కేరళ మీద పెనాల్టీలతో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిందే. అయితే 2023 బ్రెజిల్ సీజన్‌లో ఏ ఫైనల్‌కీ లేని ఉత్కంఠ ఉందంటే కారణం ఈ పాయింట్ల పద్ధతే. ఏప్రిల్‌లో సంపాదించిన మూడు పాయింట్లకీ నవంబర్‌లో పోగొట్టుకున్న మూడు పాయింట్లకీ విలువ ఒక్కటే. అందుకే బొటాఫోగో మునిగిపోవడానికి నెలలు పట్టింది, ప్రతి వారం అందరూ చూస్తుండగా.

2024లో బొటాఫోగో కోచ్‌గా పోర్చుగల్ నుంచి ఆర్తుర్ జార్జ్ వచ్చాడు. నవంబర్ వచ్చేసరికి మళ్లీ వరసగా మూడు డ్రాలు, పాల్మీరాస్ మళ్లీ పక్కకొచ్చి నిలబడింది, పాత గుసగుసలు మళ్లీ మొదలయ్యాయి. నవంబర్ 26న బొటాఫోగో పాల్మీరాస్ సొంతగడ్డకే వెళ్లి 3-1తో గెలిచింది. నాలుగు రోజులకు బ్యూనస్ ఎయిరిస్‌లో, మొదటి నిమిషంలోనే రెడ్ కార్డు పడి పదిమందితో ఆడుతూ, అట్లెటికో మినేరో మీద మళ్లీ 3-1తో లిబెర్టడోరెస్ గెలిచింది. డిసెంబర్ 8న 79 పాయింట్లతో లీగ్ కూడా వాళ్లదే. జనవరి మొదటి వారంలో ఆర్తుర్ జార్జ్ రాజీనామా చేసి ఖతార్ క్లబ్ అల్ రయాన్‌కి వెళ్లిపోయాడు.