తుపానుకు ముందే సంపు నిండాలి

తుపాను హెచ్చరిక రాగానే అధికారుల నోట వచ్చే మొదటి మాట, "అత్యవసరమైతే తప్ప ఇంట్లోంచి బయటికి రావొద్దు" అని. మాట మంచిదే. కానీ రెండు మూడు రోజులు కదలకుండా ఉండడానికి ఆ ఇల్లు సిద్ధంగా ఉందా అని అడిగేవాళ్లు లేరు. తిరుపతిలో అడగాల్సింది అదే. చలికాలంలో మనకు వచ్చేవి ఈశాన్య రుతుపవనాల వానలు. వాయుగుండం చెన్నై, నెల్లూరు వైపు తిరిగిందంటే ఊళ్లో పడిన వానకు శేషాచలం కొండల మీద పడిన వాన తోడవుతుంది. ఆ నీళ్లు కపిలతీర్థం మీదుగా, వంకల మీదుగా కొద్ది గంటల్లోనే వీధుల్లోకి దిగుతాయి. 2020 నవంబరులో నివర్ తుపాను, 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను. అన్నీ ఈ రెండు నెలల్లోనివే. వాన మొదలయ్యాక సర్దుకుందాంలే అంటే కుదరదు.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 115.6 మిల్లీమీటర్లు పడితే అతి భారీ వర్షం, 204.5 దాటితే అత్యంత భారీ వర్షం. ఈ అంకెల్ని మన మిద్దె మీద పెట్టి చూసుకోవాలి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 100 మిల్లీమీటర్లు పడిందంటే సుమారు 9,300 లీటర్లు. గొట్టం మూతి దగ్గర నాలుగు ఆకులు, ఒక ప్లాస్టిక్ కవర్ అడ్డం పడితే ఆ తొమ్మిది టన్నుల బరువూ స్లాబు మీదే నిలుస్తుంది. అందుకే మొదటి పని మిద్దెక్కి గొట్టాల మూతులు శుభ్రం చేయడం, ఒక బకెట్ నీళ్లు పోసి కిందికి దిగుతున్నాయో లేదో చూడడం.

రెండో పని సంపు. వరదలో ముందు కరువయ్యేవి తాగే నీళ్లే. కరెంటు పోతే మోటారు ఆడదు, ఆడినా వీధి బురద సంపులోకి దిగి ఉంటే ఆ నీళ్లు పనికిరావు. కాబట్టి ముందురోజే సంపూ మిద్దె మీది ట్యాంకూ నిండా నింపి, వాన మొదలయ్యాక మోటారు వేయకుండా ఉండాలి. సంపు చెడినా పైన వెయ్యి లీటర్ల మంచి నీళ్లు మిగులుతాయి. వాటికి తోడు తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్ల చొప్పున విడిగా పట్టుకోవాలి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 60 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. సంపు మూత అంచు నేలకు సమానంగా ఉంటే చుట్టూ ఒక వరస ఇటుక కట్టించుకోవడం మేలు. అది తుపాను రోజు చేసే పని కాదు, ఎండాకాలంలో చేయాల్సింది.

నింపడానికి ఇంకో కారణం ఉంది. 2021 వరదల తర్వాత తిరుపతి కృష్ణానగర్‌లో, శుభ్రం చేస్తుండగా సిమెంటు వరల నీళ్ల ట్యాంకు భూమిలోంచి పైకి లేచింది. వింతని జనం చూడ్డానికి ఎగబడ్డారు గానీ లెక్క తేలికైనదే. నేల పూర్తిగా నానినప్పుడు ఖాళీ ట్యాంకును చుట్టూ ఉన్న నీళ్లు పైకి తోస్తాయి. పది వేల లీటర్ల ట్యాంకు ఖాళీగా ఉండి, నేలలో నీళ్లు పైదాకా నిండితే ఆ తోపు దాదాపు పది టన్నులు. ఇంటి బరువు కిందున్న సంపుకు ఈ భయం తక్కువ, ఆరుబయట వరలతో దింపినదానికి ఎక్కువ. వరద తీయగానే సంపంతా తోడి కడిగేయాలన్న తొందర వద్దు. పక్కన బోరులోనో బావిలోనో నీటిమట్టం తగ్గేదాకా ఆ నీళ్లు మరుగుదొడ్డికి వాడుకుని, ఆ తర్వాత తోడించాలి.

కడిగి మళ్లీ నింపాక తేటనీళ్లకైతే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ చాలు, వరద తగిలిన చోట రెట్టింపు వేస్తారు. పౌడర్‌ను నేరుగా చల్లకూడదు. బకెట్‌లో కలిపి, పది నిమిషాలు ఆగి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోసి, గంట తర్వాత వాడాలి. డబ్బా మూత తీసి నెలలు గడిచిన పౌడర్‌లో క్లోరిన్ పోయి ఉంటుంది. దాన్ని నమ్ముకుంటే వాంతులు, విరేచనాలు తప్పవు.

కరెంటు దగ్గర చాలామంది పొరపడేది ఇన్వర్టర్ విషయంలో. మెయిన్ ఆపేశాం కదా అనుకుంటారు, ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే ప్లగ్గుల్లో కరెంటు ఉన్నట్టే. నీళ్లు గడప దాటకముందే రెండూ ఆపాలి. నీళ్లలో నిలబడి ఏ స్విచ్చూ ముట్టకూడదు, 1912కు ఫోన్ చేయాలి. ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు, వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. కరెంటు లీకైతే పసిగట్టే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు ఉంటేనే షాక్ తగిలినప్పుడు కరెంటు తెగుతుంది. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ మీద ఒక ఫ్యాను, మూడు బల్బులు పది గంటలకు అటూ ఇటూ వస్తాయి. ఫ్యాను ఆపేస్తే రోజు దాటుతుంది, ముసురులో ఫ్యాను అవసరం కూడా ఉండదు.

చలికి కిటికీలన్నీ మూసి బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి పెట్టకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పి, వికారం వస్తాయి, నిద్రలోనే ప్రాణం పోవచ్చు. బాల్కనీలో పెట్టే చిన్న జనరేటర్ పొగా అంతే.

బయటికి పోక తప్పకపోయినా రైల్వే అండర్ బ్రిడ్జిల వైపు పోవద్దు. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర అండర్ బ్రిడ్జి నీళ్లలో వాహనం చిక్కుకుని ఒక మహిళ చనిపోయింది. రాత్రిపూట హెడ్‌లైట్ వెలుగులో నీళ్ల లోతు తెలియదు.

ఇంతా చెప్పాక, కొన్ని ఇళ్లలో అసలు ఉండకూడదు. చెరువు కట్ట కింద, వంక ఒడ్డున, స్వర్ణముఖి, నీవా నదుల ఒడ్డుల్లో, మట్టి గోడల ఇళ్లలో ఉన్నవాళ్లకు "ఇంట్లోనే ఉండండి" అన్న మాట ప్రమాదకరం. 2021లో తిరుపతి దగ్గరి రాయల చెరువు కట్టకు లీకేజీ వచ్చినప్పుడు కింది ఊళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. నానిన మట్టి గోడ వాన తెరిపిచ్చాక కూడా కూలుతుంది, కాబట్టి ఎండ వచ్చిందని వెంటనే తిరిగి రాకూడదు. అధికారులు హెచ్చరికను జిల్లా పేరుతో కాకుండా వీధి పేరుతో చెప్పాలి. ఎవరు ఉండాలి, ఎవరు కదలాలి అన్నది చీకటి పడకముందే తేల్చాలి. రోజు కూలీ మీద బతికేవాళ్లకు బియ్యం, పప్పు, నూనె వాన వెలిశాక ఇస్తే ఏం లాభం? హెచ్చరికతో పాటే చేరాలి. అవి చేరకపోతే ఆ ఇంటి మనిషి అదే వానలో పనికి బయల్దేరతాడు.